మియాదు లేని మరహం

మన ఇళ్లల్లో అందరూ పంచుకుని వాడే వస్తువులు కొన్ని ఉంటాయి. దువ్వెన, సుర్మాదానీ, ఫోను చార్జరు. వాటితోపాటు ఒక ట్యూబు కూడా ఉంటుంది. అమ్మీకి చేతి మీద ఖుజ్లీ లేస్తే అదే, అబ్బాకి తొడల సందుల్లో దురదకి అదే, చిన్నోడికి దోమ కుడితే అదే, ఆపా మొహం మీద మచ్చకీ అదే. సగం నొక్కేసి, కింది నుంచి మడత పెట్టిన ఆ ట్యూబుని ఎవరు తెచ్చారో, ఎందుకు తెచ్చారో ఎవరికీ యాదుండదు. "యే లగా లే బేటా, దో దిన్ మే జాతా" అని పెద్దవాళ్లు చేతిలో పెడతారు. నిజంగానే రెండు రోజుల్లో పోతుంది. తకరారంతా అక్కడే మొదలవుతుంది.

ఆ ట్యూబు మీది సన్నటి అక్షరాలు చదివి చూడండి. బీటామెథసోన్ అనో, క్లోబెటసోల్ అనో, మొమెటసోన్ అనో, ఫ్లూసినోలోన్ అనో ఏదో ఒక పేరు కనిపిస్తుంది. ఇవన్నీ ఒకే ఖాందాన్ దవాలు, స్టిరాయిడ్లు. నేను డాక్టర్ని కాదు. ఈ దవాల మీద నాకు దుష్మనీ కూడా లేదు. సరిగ్గా వాడితే వీటివల్ల కలిగే ఫాయిదా చాలా పెద్దది. నా షికాయత్ ఒక్కటే. అప్పు తీసుకుంటే మియాదు అడుగుతాం. ఇల్లు అద్దెకిస్తే మియాదు రాయించుకుంటాం. ఒంటికి పూసే ఈ మరహాన్ని మాత్రం మియాదు లేకుండా ఇంట్లోకి రానిస్తున్నాం. ఎవరికి, ఎక్కడ, ఎంత, ఎన్ని రోజులు? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు లేకుండా స్టిరాయిడ్ ట్యూబు మన గడప దాటి లోపలికి రాకూడదు. నేను చెప్పదలచుకున్నది ఇంతే. ఎందుకో వివరంగా రాస్తాను.

మన కిడ్నీల మీద టోపీల్లా కూర్చున్న అడ్రినల్ గ్రంథులు కార్టిసోల్ అనే హార్మోన్‌ని తయారు చేస్తాయి. ఆ హార్మోనూ, దాని పోలికతో తయారైన దవాలే ఈ పూతమందులు. 1952లో అమెరికాలో సుల్జ్‌బర్గర్, విట్టెన్ అనే ఇద్దరు డాక్టర్లు హైడ్రోకార్టిసోన్‌ని చర్మం మీద పూస్తే ఎగ్జిమా లాంటి జబ్బులు తగ్గుతాయని చూపించారు. అప్పటిదాకా తారు పూతలతో నెట్టుకొస్తున్న చర్మ వైద్యానికి అది పెద్ద మలుపు. ఆ తర్వాత దానికంటే ఎన్నో రెట్లు జోరైనవి వచ్చాయి. ఇవాళ హైడ్రోకార్టిసోన్ అంటే ఆ ఖాందాన్‌లో అందరికంటే మెత్తనిది. బీటామెథసోన్, మొమెటసోన్ గట్టివి. క్లోబెటసోల్ అన్నిటికంటే ఘాటైన వాటిల్లో ఒకటి. "స్టిరాయిడ్ క్రీమ్" అని ఒకే మాట అనేస్తాం గానీ, వీటి మధ్య తేడా చల్లార్చిన చాయ్‌కీ, సలసల కాగే చాయ్‌కీ ఉన్నంత ఉంది.

ఇవి ఏం చేస్తాయి? జిల్ద్‌లో వాపునీ, ఎర్రదనాన్నీ, దురదనీ రగిలించే రోగనిరోధక కణాలను చల్లబరుస్తాయి. సన్నటి రక్తనాళాలను బిగిస్తాయి. అందుకే మర్జ్ ఏదైనా సరే, రాసిన ఒకటి రెండు రోజుల్లో ఎర్రదనం తగ్గి తెల్లబడినట్టు కనిపిస్తుంది. ఎగ్జిమాలో ఆ వాపే జబ్బు కాబట్టి అక్కడ ఇది నిజమైన ఇలాజ్. కానీ దురదకి కారణం ఫంగస్ అయినప్పుడో, గజ్జి పురుగు అయినప్పుడో, ఇది చేసేది పహరా కాసేవాణ్ని నిద్రపుచ్చడమే. దొంగ ఇంట్లోనే ఉంటాడు. చప్పుడు మాత్రం వినపడదు.

దీనికి అందరికంటే ఎక్కువ మోసపోయేది తామర వచ్చినవాళ్లు. మనవాళ్లు దాద్ అంటారు. మన ఉక్కపోతకి, బిగుతు జీన్సులకి, ఆరీ ఆరని బట్టలకి తోడు ఒకే తువ్వాలుతో ఇల్లంతా తుడుచుకునే ఆదత్ ఉంది కదా, దానికి అంతకంటే ఏం కావాలి! గుండ్రంగా, అంచు ఎర్రగా లేస్తుంది. స్టిరాయిడ్ రాయగానే అంచు చెరిగిపోతుంది, ఖుజ్లీ తగ్గుతుంది. ఆపగానే మళ్లీ లేస్తుంది, ఈసారి రెండింతల వెడల్పుతో. ఇలా నాలుగైదుసార్లు అయ్యాక దాని రూపమే మారిపోయి డాక్టరుకి కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. వైద్యులు దీనికి పెట్టిన పేరు టీనియా ఇన్‌కాగ్నిటో, అంటే మారువేషంలో ఉన్న తామర. 1968 నుంచే వైద్య పుస్తకాల్లో ఈ పేరుంది. ఇప్పుడు దానికి తోడు టెర్బినఫిన్ లాంటి దవాకి లొంగని కొత్త రకం ఫంగస్ కూడా వ్యాపించింది. 2020లో దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మన ముల్క్ పేరు ఆ ఫంగస్ పేరులోనే ఉంది. స్టిరాయిడ్ కలిపిన క్రీములను ఇష్టమొచ్చినట్టు పూయడం కూడా ఈ మొండితనానికి ఒక కారణమని చర్మ వైద్యులు గట్టిగా చెబుతున్నారు.

"స్టిరాయిడ్ కలిపిన" అన్న మాట గమనించండి. మెడికల్ షాపులో "దురదకి ఏదైనా ఇవ్వండి" అంటే చేతికొచ్చేది చాలాసార్లు కలగాపులగం ట్యూబే. అందులో ఫంగస్‌కి ఒకటి, బాక్టీరియాకి ఒకటి, వాటితోపాటు ఒక జోరైన స్టిరాయిడ్. జబ్బేమిటో తెలియకపోయినా ఏదో ఒకటి తగలకపోతుందా అన్నట్టు. నేను ఇంట్లో ఒక చిన్న కిటుకు వాడతాను. క్లోట్రిమజోల్, మైకోనజోల్, కీటోకోనజోల్ లాగా పేరు చివర "జోల్" అని ఉంటే సాధారణంగా ఫంగస్ దవా. "సోన్", "సోల్", "లోన్" అని ఉంటే స్టిరాయిడ్ అని షక్ రావాలి. ఇది పక్కా కొలత కాదు. షాపతన్ని "భాయ్, ఇందులో స్టిరాయిడ్ ఉందా?" అని అడిగించడానికి చాలు.

గజ్జి సంగతీ అంతే. రాత్రిళ్లు దురద పెరుగుతోందా? వేళ్ల సందుల్లో, నడుము దగ్గర పొక్కులున్నాయా? ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు గోక్కుంటున్నారా? అలాగైతే అది గజ్జి కావచ్చు. దానికి పర్మెత్రిన్ లాంటి దవాని ఇంటిల్లిపాదీ ఒకే రోజు రాసుకుని, బట్టలూ దుప్పట్లూ వేడి నీళ్లలో ఉతికితే పోతుంది. స్టిరాయిడ్ రాస్తే దురద కాస్త అణగుతుంది, పురుగు మాత్రం హాయిగా పిల్లల్ని పెడుతుంది.

ఈద్‌కీ, షాదీలకీ మన ఇళ్లల్లో వచ్చే ఇంకో ఆఫత్ నల్ల మెహందీ. అసలైన గోరింటాకు నల్లగా పండదు, ఎర్రగా పండుతుంది. పది నిమిషాల్లో నల్లగా పండే కోన్‌లలో తరచుగా జుట్టు రంగులో వాడే పీపీడీ అనే రసాయనం కలుపుతారు. కొందరికి అది పడక, మెహందీ డిజైన్ ఎలా ఉంటే అలాగే నీటిబుగ్గలు లేస్తాయి. అప్పుడు కూడా ఫౌరన్ ఆ పాత ట్యూబే బయటికొస్తుంది. ఇలాంటి వాటికి డాక్టరే స్టిరాయిడ్ రాసివ్వవచ్చు, కాదనను. అయితే ఇక్కడ తెలుసుకోవలసిన అసలు సంగతి వేరే ఉంది. ఒకసారి పీపీడీ పడలేదంటే ఆ ఎలర్జీ సాధారణంగా జిందగీ అంతా ఉండిపోతుంది. రేపు ఆ అమ్మాయి జుట్టుకి రంగు వేసుకుంటే మొహం వాచిపోవచ్చు. ట్యూబు పూసి సరిపెట్టుకుంటే ఈ హెచ్చరిక ఆమెకు ఎవరూ ఇవ్వరు.

ఇక మొహం సంగతి. నాకు నిజంగా బాధ కలిగించేది ఇదే.

మంగు మచ్చలకి వాడే మూడు దవాల కలయిక ఒకటుంది. 1975లో క్లిగ్‌మన్, విల్లిస్ అనే అమెరికా డాక్టర్లు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథసోన్ కలిపి దాన్ని తయారు చేశారు. అది మర్జ్‌కి ఇలాజ్, డాక్టరు చూస్తుండగా కొన్ని వారాలు వాడవలసింది. మన దగ్గర దాని చెల్లెళ్లు, ఇంకా జోరైన స్టిరాయిడ్‌తో కలిసినవి, "తెల్లబడే క్రీమ్"లుగా మారాయి. స్టిరాయిడ్ రక్తనాళాలను బిగించి, రంగునిచ్చే కణాల పనిని తగ్గిస్తుంది కాబట్టి మొదటి నెలలో మొహం మెరుస్తుంది. చూసినవాళ్లు "మాషా అల్లా, ఏం రాస్తున్నావే" అని అడుగుతారు. పేరు ఒక చెవి నుంచి పది చెవులకు పాకుతుంది. 2011లో అచ్చయిన ఒక అధ్యయనంలో దేశంలోని 12 కేంద్రాల్లో మొహం మీద జబ్బులతో వచ్చిన 2926 మందిని చూస్తే 433 మంది మొహానికి స్టిరాయిడ్ రాస్తున్నవాళ్లే. వాళ్లలో సగానికి పైగా డాక్టరు కానివాళ్ల మష్వరాతో మొదలుపెట్టినవాళ్లు.

మా ఖాలా కూతురు ఒకరు ఇందులో ఇరుక్కున్నారు. రిష్తా కుదిరింది, నిఖాకి ఏడు నెలలు టైముంది. అటువైపు ఆడవాళ్లలో ఒకరు "పిల్ల మంచిదే, కొంచెం సావ్లీ" అన్నారట. ఆ ఒక్క మాటకి బ్యూటీ పార్లర్ నుంచి ఒక నైట్ క్రీమ్ ఇంటికొచ్చింది. నిఖా రోజు ఫొటోల్లో దుల్హన్ వెలిగిపోయింది. వలీమా అయ్యాక ఆపింది. వారం తిరిగేసరికి మొహమంతా ఎర్రగా కందిపోయింది. పొయ్యి దగ్గర నిలబడలేదు, ఎండలో అడుగు పెట్టలేదు, చన్నీళ్లు కూడా మండేవి. మళ్లీ రాస్తే తగ్గేది, ఆపితే రెండింతలయ్యేది. అంటే ఇక ఆ క్రీమ్ లేకుండా ఆ మొహం ఉండలేని హాలత్. గడ్డం మీద వెంట్రుకలు, బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు, వయసు దాటాక వచ్చిన మొటిమలు. స్కిన్ డాక్టర్ దగ్గర నెలల తరబడి తిరిగాక చాలావరకు తగ్గింది. నరాలు మాత్రం ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. ఇలాంటి మొహానికి డాక్టర్ల దగ్గర ఒక పేరే ఉంది, స్టిరాయిడ్‌తో చెడిన మొహం అని. పేరు పెట్టుకోవలసినంత మంది వస్తున్నారన్నమాట.

పార్లర్ వాళ్లను తిట్టడం ఆసాన్. కానీ ఆ క్రీమ్‌ని ఇంటికి రప్పించింది ఆ ఒక్క మాట. రిష్తా కోసం పంపే కాగితంలో "సాఫ్ రంగ్" అని రాసేవాళ్లం మనమే. అబ్బాయి రంగు ఎవరూ అడగరు. కోడలి మొహం మీద మాట జారేముందు, ఆ మాట ఆమె రక్తనాళాల దాకా పోతుందని సాసమ్మలు, నందులు తెలుసుకోవాలి. తెలిసి కూడా చుప్‌గా కూర్చునే మగవాళ్లకీ ఇందులో జిమ్మేదారీ ఉంది.

హుకూమత్ ఏమీ చేయలేదా అంటే, చేసింది. 2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ చీటీ లేకుండా అమ్మకూడదు. కాగితం మీద కానూన్ బాగానే ఉంది. వీధిలో మాత్రం చీటీ అడిగే షాపు వెతుక్కోవాలి. పైగా మన దగ్గర ఒక గలత్ ఫహమీ కూడా ఉంది. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ డాక్టర్ అంటాం. కానూన్ చెప్పే రిజిస్టర్డ్ ప్రాక్టీషనర్ ఎంబీబీఎస్ లాంటి చదువు చదివి మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదైనవాడు. మన వీధి ఆర్‌ఎంపీ ఆయన కాడు. అక్షరాలు అవే మూడు, చదువు ఒకటి కాదు. అర్ధరాత్రి జ్వరానికి తలుపు తీసే ఆయన మీద నాకు ఇజ్జత్ ఉంది. కానీ చర్మం మీద మచ్చకి ఆయనిచ్చే ట్యూబుని నాలుగు ప్రశ్నలు అడగకుండా తీసుకోవద్దు.

ఇంతదాకా చదివి ఎవరైనా "అయితే స్టిరాయిడ్ అంటేనే జహర్, చెత్తబుట్టలో పడేద్దాం" అనుకుంటే, ఆగండి. అది ఇంకో వైపు నుక్సాన్. మా వీధిలో రెండేళ్ల బాబుకి ఎగ్జిమా. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక. పిల్లల డాక్టరు మెత్తటి హైడ్రోకార్టిసోన్ రాసిచ్చి, వారం వాడి రమ్మన్నారు. దాదీమా ఎవరి ఫోన్‌లోనో "స్టిరాయిడ్ ప్రమాదం" అని విని ట్యూబు విసిరేశారు. చలికాలమంతా ఆ బిడ్డ రక్తం వచ్చేలా గోక్కున్నాడు. నిద్ర లేదు, పుండ్లు చీము పట్టాయి. చివరికి యాంటీబయాటిక్ మింగవలసి వచ్చింది. పహిల్వాన్లు కండలకోసం పొడిపించుకునే స్టిరాయిడ్ వేరు, ఇది వేరు. సరైన జబ్బుకి, సరైన బలం ఉన్నది, సరైనన్ని రోజులు రాస్తే పిల్లలకు కూడా ఇది మేలే చేస్తుంది. ఖౌఫ్‌తో సగం రాసి సగం ఆపడం వల్ల జబ్బు ఎక్కువ కాలం సాగి, మొత్తం మీద ఎక్కువ దవా పడుతుంది.

కాబట్టి ఆ నాలుగు ప్రశ్నల దగ్గరికి వద్దాం.

ఎవరికి? రాసిచ్చిన మనిషికి మాత్రమే. నా ట్యూబు నా చెల్లెలికి పనికిరాదు, మూడు నెలల తర్వాత నాకే పనికిరాకపోవచ్చు.

ఎక్కడ? ఒంట్లో జిల్ద్ అంతా ఒకేలా దవాని పీల్చుకోదు. 1967లో ఫెల్డ్‌మన్, మైబాక్ అనే ఇద్దరు హైడ్రోకార్టిసోన్‌తో కొలిచి చూశారు. ముంజేతి మీద ఒక వంతు లోపలికి పోతే నుదుటి మీద 6 రెట్లు, దవడ దగ్గర 13 రెట్లు, వృషణాల మీద 42 రెట్లు పోతుంది. అరికాలు మీదైతే ఏడో వంతే. అందుకే పాదానికి రాసిచ్చిన క్లోబెటసోల్‌ని మొహానికి, చంకలకి, తొడల సందులకి రాయకూడదు. రాస్తే అక్కడ చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు మళ్లీ పోవు. కళ్ల చుట్టూ నెలల తరబడి రాస్తే గ్లాకోమా, శుక్లం రావచ్చు. పసిపిల్లలకి డైపర్ కింద రాస్తే ఇంకా ఎక్కువ లోపలికి పోతుంది.

ఎంత? దీనికి అందరి చేతిలో కొలత ఉంది. పెద్దవాళ్ల చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి పిండితే దాదాపు అర గ్రాము. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. మచ్చ అంతకంటే చిన్నదైతే దవా అంతకంటే తక్కువ. చాలా స్టిరాయిడ్లకు రోజుకి ఒకసారి చాలు. ఎక్కువసార్లు రాస్తే తొందరగా తగ్గదు.

ఎన్ని రోజులు? ఈ సంఖ్య డాక్టరు నోటి నుంచి రావాలి. రాకపోతే మనమే అడగాలి. మొహం మీద మెత్తటిది కూడా సాధారణంగా వారానికి మించి రాయరు. ఒంటి మీద ఒకటి రెండు వారాలు. క్లోబెటసోల్ అయితే పెద్దవాళ్లకి కూడా రెండు వారాలకి, వారానికి 50 గ్రాములకి మించకూడదు. ఆ రోజుల్లో తగ్గలేదంటే ఇంకో ట్యూబు కొనాలని కాదు. జబ్బే వేరేదేమో చూపించుకోవాలని.

ఇంకొక మాట. ఎగ్జిమా ఉన్నవాళ్లకి అసలు దోస్తు స్టిరాయిడ్ కాదు, తేమ. వాసన లేని మాయిశ్చరైజరో, తెల్ల వాజిలీనో రోజూ రాయాలి. రోజుకి ఐదుసార్లు వుజూ చేసేవాళ్ల చేతులు తొందరగా ఎండిపోతాయి. నీళ్లు తుడుచుకోగానే కాస్త రాసుకుంటే సగం ఖుజ్లీ అక్కడే ఆగుతుంది. స్టిరాయిడ్ రాయవలసిన రోజుల్లో కడుక్కుంటే పోయేలా కాకుండా, ఇషా తర్వాత పడుకునేముందు రాసుకుంటే మంచిది. రెంటికీ మధ్య ఓ అరగంట ఎడం ఇవ్వండి.

ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నవాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఇది చదివి ఈ రాత్రే గాభరాగా ఆపేసి, రేపు మంట లేస్తే మళ్లీ రాయకండి. ట్యూబుని, దాని డబ్బాని చేతిలో పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎన్నాళ్లు రాశారో దాచకుండా చెప్పండి. సిగ్గుపడవలసింది మీరు కాదు. మెల్లగా తగ్గించాలా, వేరే దవాకి మారాలా అనేది వాళ్లు చూసి చెబుతారు. జిల్లా కేంద్రాల్లో పెద్ద సర్కారీ దవాఖానాల్లో చర్మ విభాగం ఉంటుంది, అక్కడ ఓపీ చీటీ చాలు. సబర్ కావాలి. నెలల్లో చెడింది వారంలో బాగుపడదు.

మీ ఇంట్లో ఆ మడతపెట్టిన ట్యూబు ఉంటే ఇవాళే బయటికి తీయండి. ఎవరిదో, ఎందుకో తెలియకపోతే పారేయండి. తెలిస్తే ఒక పెన్ను తీసుకుని డబ్బా మీద నాలుగు మాటలు రాయండి. పేరు, చోటు, మొదలైన తారీఖు, ఆపవలసిన తారీఖు. రాయలేకపోతున్నారంటే ఆ నాలుగింటిలో ఏదో ఒకటి మీకు ఎవరూ చెప్పలేదన్నమాట. చెప్పేదాకా మూత తీయకండి.